గరిటె పట్టుకున్నవాళ్ళు

ఈస్టర్ రోజుల్లో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకు పోయి కొలంబస్‌కు తిరిగొస్తుంటే మా కారులో పాట కంటే తిండి మాటలే ఎక్కువ నడిచాయి. నెల్లూరోళ్ళం, తప్పదు. సాంబారు భలే ఉందని ఒకరు, కారం చాల్లేదని ఒకరు. దారి పక్కన చెట్లు అప్పుడప్పుడే చిగురేస్తున్నాయి. అవే రోజుల్లో మా నెల్లూరు జిల్లా కలిగిరిలో ఎండ ముదిరి, వేలం కేంద్రంలో పొగాకు బేళ్ళకు పాట సాగుతుంటుంది.

ఈ ఆరాధన 1978లో ఒక చర్చి నేలమాళిగలో మొదలైంది. మొదలుపెట్టింది వి.వి. సుందరం, బాలసుబ్రమణ్యం, టొరంటో వెంకటరామన్. ఇప్పుడు క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో పది రోజులకు పైగా జరుగుతుంది. నడిపేవాళ్ళలో ఎక్కువమంది తమిళులు, పాడేవి ఎక్కువగా తెలుగు కృతులు. త్యాగయ్య పంచరత్న కృతుల్లో నాట రాగంలోది సంస్కృతం, మిగతా నాలుగూ మన భాషే. ఆయన ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల ఊరు కంభం దగ్గరుంది, అంటే మన ఉదయగిరి కొండలకు అవతలి వైపే. ఈ గొప్ప చెప్పుకోవడంలో నేనేమీ తక్కువ తినలేదు. అయితే భోజనాల దగ్గర నేను చూసిన పూట గరిటె పట్టుకున్న పిల్లల్లో మనవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మందే.

ఒక కుర్రాడు, పదిహేనేళ్ళుంటాయి, జరీ ఉత్తరీయం నడుముకు బిగించి రసం బకెట్టుతో తిరుగుతున్నాడు. చెమటకు విభూతి సగం చెరిగిపోయింది. ఒక పెద్దాయన దగ్గర వంగి "పోదుమా తాత్తా?" (చాలా తాతా?) అని తమిళంలో అడిగాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టేదాకా పోస్తూనే ఉన్నాడు. కాసేపటికి అదే కుర్రాడు వేదిక మీద పిల్లల వరుసలో కూర్చుని ఆరభి రాగంలోని పంచరత్నం అందుకున్నాడు.

మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో పానకం బిందెల దగ్గర మమ్మల్నీ అట్లాగే నిలబెట్టేవాళ్ళు. "ముందు బయటూరోళ్ళకు పొయ్యండ్రా" అని పెద్దోళ్ళ కేక. మా వంతు వచ్చేసరికి బిందె అడుగున మిరియాల మడ్డి మిగిలేది, దాని కోసమూ కొట్టుకునేవాళ్ళం. ఆ పందిట్లో అన్ని వీధులవాళ్ళకూ ఒకే వరుస ఉండేది కాదు. ఆ సంగతి దాచి ఊరిని పొగడటం నాకిష్టం లేదు. క్లీవ్‌లాండ్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. ఊరి నుంచి ఏం తెచ్చుకోవాలో, ఏం అక్కడే వదిలెయ్యాలో ఆ బల్లల దగ్గర తేలిగ్గా తెలిసిపోయింది.

ఇక్కడ కొలంబస్‌లో మన తెలుగు సభల్లో విలువల మీద గంటకు తక్కువ కాకుండా ప్రసంగం పెడతాం, పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. చేతికి గరిటె ఇస్తే ఫోను దానంతటదే జేబులోకి పోతుంది.

వచ్చే ఉగాదికి ఒక ప్రసంగం తగ్గించి, వడ్డన పిల్లలకు అప్పజెప్పమని మా తెలుగు సంఘంలో అడిగాను. సంఘం వేసే సంచికలో కళాకారుల పేర్లకంటే ముందు వంటవాళ్ళ పేర్లు వెయ్యమని కూడా అన్నాను. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి చోటు చాలదట.