ఆ గడిలో ఏం రాయాలి?





సైన్యంలో చేరాలనుకున్న కుర్రవాడు తెల్లవారుజామున లేచి పరుగు తీస్తాడు. రాత పరీక్ష పాసవుతాడు, మెడికల్ కూడా గట్టెక్కుతాడు. ఇక మిగిలింది కాగితాల పనే కదా అనుకుంటాడు. ఆ కాగితాల్లో కొన్ని ప్రశ్నలుంటాయి. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీ మీద కోర్టులో కేసు నడిచిందా? జరిమానా పడిందా? శిక్ష పడిందా? ఇప్పుడు ఏదైనా కేసు పెండింగులో ఉందా?

చాలామందికి అక్కడ ఇబ్బందేమీ ఉండదు. 'లేదు' అని రాసి ముందుకెళ్తారు. కొందరికి మాత్రం చెయ్యి ఆగుతుంది. జాతరలో జరిగిన కొట్లాట గుర్తొస్తుంది. సంక్రాంతి పందాల దగ్గర పట్టుబడి కట్టిన జరిమానా గుర్తొస్తుంది. కాలేజీ ధర్నాలో పోలీసులు రాసుకున్న పేర్లు గుర్తొస్తాయి. పక్కనున్నవాడు "లేదు అని రాసెయ్ రా, ఎవడు చూస్తాడు?" అంటాడు. ఈ చిన్న పుస్తకం ఆ ఆగిన చెయ్యి కోసం.

ముందుగా ఒక సందేహం. బౌద్ధులు అసలు సైన్యంలో చేరవచ్చా? ఇది తేలిక ప్రశ్న కాదు. యుద్ధంలో చనిపోతే స్వర్గమేనా అని ఒక యోధుడు అడిగితే బుద్ధుడు రెండుసార్లు జవాబు దాటవేసి, మూడోసారి కాదనే చెప్పాడు. చంపాలనే తలపుతో నిండిన మనసుకు మంచి గతి ఉండదన్నాడు. అదే బుద్ధుడు వైశాలి సేనాపతి సీహుణ్ణి ఉపాసకుడిగా స్వీకరించాడు, పదవి వదిలితేనే అని షరతు పెట్టలేదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు. ఊరు ఇవ్వని గౌరవాన్ని మన పెద్దల్లో చాలామందికి ఆ యూనిఫాం ఇచ్చింది. చేరాలా వద్దా అన్నది మీరు ఆలోచించుకుని తేల్చుకోవలసిన సంగతి. చేరాలని నిర్ణయించుకున్నవారితోనే ఇక్కడ మాట్లాడుతున్నాం.

ఆ గడి దగ్గర మనసు మూడు సాకులు చెబుతుంది.

మొదటిది, 'చిన్న కేసే కదా.' చిన్నదే కావచ్చు. అయితే ఫారం అడిగింది కేసు పెద్దదా చిన్నదా అని కాదు, ఉందా లేదా అని. చిన్నదైతే చిన్నదనే రాయవచ్చు. ఉన్నదాన్ని లేదంటే మాత్రం అది చిన్నది కాదు, అబద్ధం అవుతుంది.

రెండోది, 'ఆ కేసు ఎప్పుడో అయిపోయింది.' ఇక్కడ చాలామంది నిజంగానే పొరబడతారు. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి బయటపడితే కేసు అయిపోయినట్టే, కానీ శిక్ష పడి అయిపోయినట్టు. లోక్ అదాలత్‌లో రాజీ పడినా, కోర్టు కొట్టేసినా, 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్నకు జవాబు మారదు. అయిందంటే అయింది.

మూడోది అన్నిటికన్నా తెలివైనది. 'నేను లేదని రాయను, ఖాళీగా వదిలేస్తాను. అబద్ధం ఆడినట్టు కాదుగా.' ఈ దారిని సంఘం రెండున్నర వేల ఏళ్ళ కిందటే మూసేసింది. ఉపోసథం రోజు భిక్ఖువులందరూ కూడినప్పుడు పాతిమొక్ఖం చదువుతారు. ఎవరి మీదైనా దోషం ఉందా అని మూడుసార్లు అడుగుతారు. తన దోషం గుర్తుండి కూడా నోరు మెదపని భిక్ఖువు తెలిసి అబద్ధం ఆడినవాడితో సమానం. అడిగిన తర్వాత, తెలిసి కూడా మౌనంగా ఉంటే, ఆ మౌనం కూడా జవాబే.

ముసావాదానికి మన పెద్దలు నాలుగు అంగాలు చెప్పారు. విషయం నిజం కాకపోవడం, ఎదుటివారిని నమ్మించాలనే చేతన, అందుకు చేసే ప్రయత్నం, ఎదుటివారికి ఆ మాట అర్థం కావడం. ఆ గడిలో 'లేదు' అని రాసి సంతకం పెట్టినప్పుడు, ఆఫీసరు దాన్ని చదివినప్పుడు, నాలుగూ పూర్తవుతాయి. నోటితో ఒక్క మాట అననక్కరలేదు.

దొరికితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. చేరేటప్పుడు అడిగిన ప్రశ్నకు కావాలని తప్పుడు జవాబిచ్చినట్టు తర్వాత బయటపడితే, 1950 సైనిక చట్టం 44వ సెక్షన్ కింద కోర్టు మార్షల్ చేసి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష వేయవచ్చు. జాతర కొట్లాటకు పడ్డ జరిమానా ఎక్కడ, ఈ ఐదేళ్ళెక్కడ? పోలీసు, కేంద్ర బలగాల ఉద్యోగాల్లో ఇలా కేసులు దాచినవారి గొడవలు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగాయి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం వీటికి ఒక దారి చూపింది. ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దేన్నీ దాచకూడదు అంది. చిన్న వయసులో నినాదాలు చేయడంలాంటి చిల్లర కేసైతే, దాచినా సరే, అధికారి క్షమించి వదిలేయవచ్చు అంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, అభ్యర్థి పూర్వచరిత్రను చూసి నిర్ణయించే హక్కు అధికారికి ఉంటుంది.

ఈ చివరి మాటను మీ దగ్గర దాచిపెట్టి 'నిజం చెప్పండి, అంతా మంచే జరుగుతుంది' అంటే, నిజం గురించి రాస్తూ మేమే అబద్ధం ఆడినట్టవుతుంది. నిజం చెప్పినా ఉద్యోగం పోవచ్చు. మరి ఎందుకు చెప్పాలి?

దొరికిపోతామన్న భయం ఒక కారణమే, కానీ అది కొంతదూరమే తోడొస్తుంది. సికింద్రాబాద్ సంగతే తీసుకోండి. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు, ఎందరో అరెస్టయ్యారు. వాళ్ళలో చాలామంది సైన్యంలో చేరాలని ఏళ్ళుగా పరుగులు తీసిన పిల్లలే. రెండు రోజులకు సైనికాధికారులు ఒక మాట చెప్పారు. ఆ నిరసనల్లో, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ కూడా ఉంటుంది అని.

ఎఫ్.ఐ.ఆర్.లో పేరున్నవాణ్ణి పోలీసులు పట్టుకోగలరు. రాయి విసిరి, జనంలో కలిసి ఇంటికొచ్చినవాడి పేరు ఏ రికార్డులోనూ ఉండదు. వాడు 'పాల్గొనలేదు' అని రాస్తే పట్టుకునేదెవరు? భయం వల్ల వచ్చిన నిజాయితీ రికార్డు ఉన్నంతవరకే నడుస్తుంది. రికార్డు లేని చోట కూడా నడిచేదే శీలం.

రాహులుడికి బుద్ధుడు చేసిన బోధ గుర్తుందా? పాత్రలో కొంచెం నీళ్ళు మిగిల్చి చూపించాడు, పారబోశాడు, పాత్రను బోర్లించాడు. తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడి శ్రమణత్వం కూడా ఇలాగే కొంచెమైపోతుంది, పారబోసినట్టు పోతుంది, ఖాళీ అవుతుంది అని నేర్పాడు. అలాంటివాడు చేయలేని చెడ్డపని ఉండదన్నాడు. వేళాకోళానికి కూడా అబద్ధం ఆడవద్దన్నాడు. చెడ్డపనులు ఇన్ని ఉండగా అబద్ధం మీదే ఎందుకంత పట్టుదల? మిగతా తప్పులు జరిగి ఆగిపోతాయి. దిద్దుకోవాలంటే ముందు వాటిని చూడాలి. అబద్ధం ఆ చూపునే మూసేస్తుంది.

పంతొమ్మిదేళ్ళప్పుడు చెయ్యి చేసుకున్నారు. అది ఆ రోజుతో ముగిసింది. ఆ గడిలో 'లేదు' అని రాస్తే అది ముగియదు. ఊరివాడెవరైనా అదే యూనిట్‌కు వస్తే గుండె దడదడలాడుతుంది. ప్రమోషన్ ఫైలు కదిలితే నిద్ర పట్టదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమే బతుకవుతుంది. మీ సంగతి తెలిసినవాడెవడైనా సరే, మీ మీద పెత్తనం చేయగలడు. జరిగిపోయిన ఒక తప్పును రోజూ జరిగే తప్పుగా మార్చేది ఆ ఒక్క మాట.

సైనికుడి పని గురించి కూడా ఆలోచించండి. రాత్రి కాపలాలో చూసింది చూసినట్టు చెప్పాలి. తుపాకీలో ఎన్ని గుళ్ళు మిగిలాయో అన్నే చెప్పాలి. ఆ మాట నమ్మి పక్కవాళ్ళు నిద్రపోతారు. ఆ నమ్మకం మొదటిసారి అడిగేది ఈ గడిలోనే.

'మా మీద పెట్టింది దొంగ కేసు, దానికి కూడా మేమే తలవంచాలా?' అని అడిగేవారున్నారు. ఇది న్యాయమైన బాధ. పేదవాడి మీద, దళితవాడ కుర్రాడి మీద కేసు పడటం ఎంత తేలికో మనకు తెలియంది కాదు. కానీ కేసు ఉందని రాయడం నేరం ఒప్పుకోవడం కాదు. కేసు ఉందనీ, అది అబద్ధమనీ, కోర్టు ఏం తేల్చిందనీ, మూడూ నిజాలే. మూడూ చెప్పండి. దాచిపెడితే ఆ దొంగ కేసే లోకానికి నిజమైన నేరంలా కనిపిస్తుంది.

అంగులిమాలుడి కథలో ఒక ఘట్టం మనకు కావాలి. అతడు భిక్ఖువయ్యాక పసేనది రాజు గుర్రపు దళంతో అతణ్ణి వెతుకుతూ వచ్చాడు. పక్కనే కూర్చున్న అంగులిమాలుణ్ణి బుద్ధుడు దాచలేదు. చెయ్యి చాపి, ఇతడే అని చూపించాడు. అతడు మారిన సంగతి కూడా చెప్పాడు. రాజు వెనుదిరిగాడు. అయినా అంగులిమాలుడు భిక్షకు వెళితే రాళ్ళ దెబ్బలు తప్పలేదు. పేరుమోసిన దొంగకు పబ్బజ్జ ఇచ్చారని జనం గొణిగితే, ఇకపై అలాంటివారికి ఇవ్వవద్దని బుద్ధుడు నియమం కూడా పెట్టాడు. నిజం అన్ని తలుపులూ తెరవదు. తెరిచిన తలుపు గుండా మాత్రం తల ఎత్తుకుని వెళ్ళనిస్తుంది.

మరి ఎలా చెప్పాలి? కేసు నంబరు, స్టేషను, సెక్షన్, చివరికి ఏమైందో ఉన్నదున్నట్టు రాయండి. తీర్పు కాపీ సంపాదించి జతచేయండి. ఏడుపులూ వద్దు, గొప్పలూ వద్దు. పద్దెనిమిదేళ్ళు నిండకముందు జరిగిన కేసు సంగతి వేరు. కొన్ని ఘోర నేరాలు తప్ప, అలాంటి కేసు ఉద్యోగానికి అనర్హత కాకూడదని 2015 జువైనల్ జస్టిస్ చట్టం చెబుతోంది. అక్కడ ఏం రాయాలో సొంతంగా తేల్చుకోకుండా వకీలును అడగండి. ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. ఎస్సీ, ఎస్టీలకూ, స్త్రీలకూ అక్కడ ఉచితంగా సాయం చేస్తారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. సంఘంలో ఉపసంపద కోరినవాణ్ణి కూడా ప్రశ్నలడుగుతారు. అప్పులున్నాయా, రాజు కొలువులో ఉన్నావా, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా అని. అందరిముందు అడిగేముందు ఒక భిక్ఖువు అతణ్ణి పక్కకు తీసుకెళ్ళి, ఇప్పుడు నిజం చెప్పవలసిన వేళ అని నెమ్మదిగా నేర్పిస్తాడు. సభలో బెదిరి మాట రాని కుర్రవాళ్ళ కోసమే ఆ ఏర్పాటు చేశారు. మీ పిల్లవాణ్ణి పక్కకు తీసుకెళ్ళి ఆ మాట చెప్పవలసింది మీరే. "రాసెయ్, ఎవరు చూస్తారు" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. నిజం రాసినందుకు ఉద్యోగం రాకపోతే ఆ సాయంత్రం వాడికి ఇంట్లో అన్నం పెట్టి, తిట్టకుండా ఉండాల్సింది కూడా మీరే.

పంచశీలలో నాలుగోది ప్రతి పున్నమికీ చదువుకుంటాం. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లోనూ అబద్ధమాడనన్నది ఒకటి. విహారంలో, అందరితో కలిసి, చేతులు జోడించి అనడం తేలికే. ఫారం ముందు ఒక్కరే కూర్చుని, పెన్ను పట్టుకున్నప్పుడు, ఆ శీలం మీదో కాదో తెలుస్తుంది.

భవతు సబ్బ మంగళం.