నడుస్తూనే నిండగలమా?

కారు వెనక కొక్కేనికి తగిలించుకుని ఊరూరా తిరిగే చక్రాల ఇల్లు అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో చాలామందికి తెలుసు. దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. లోపల దీపాలు, ఫ్యాను, నీళ్ళ పంపు అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే నడుస్తాయి. ముందు బండి ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆల్టర్నేటర్ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది కదా, వెనక బ్యాటరీ దారిలోనే నిండుతుందిలే అనుకుంటారు కొత్తగా కొన్నవాళ్ళు. తీరా అయిదారు గంటల ప్రయాణం ముగిశాక చూస్తే అది చాలాసార్లు సగంలోనే ఉంటుంది. చూడటానికిది వైరింగు సమస్యే. కానీ గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుని బతికే మనిషికి ఇదే ఒక పాత ధర్మసందేహమై ఎదురవుతుంది. బతుకుతెరువు లాక్కుపోతూ ఉండగానే మనసు నిండుతుందా, నిండాలంటే బండి దిగాల్సిందేనా? గీత అయిదో అధ్యాయం మొదట్లో అర్జునుడు అడిగింది కూడా ఇదే: కర్మను వదలడం మేలా, చేస్తూ ఉండటం మేలా అని.

నడుస్తూనే నిండవచ్చని నేను నమ్ముతాను. అయితే లాగబడటమూ నిండటమూ ఒకటి కావు. ట్రైలర్ చక్రాలు వెయ్యి కిలోమీటర్లు దొర్లినా వాటివల్ల బ్యాటరీకి ఒక్క చుక్క కరెంటు చేరదు. వచ్చేదంతా ముందు బండినీ బ్యాటరీనీ కలిపే తీగ గుండానే రావాలి. ఆ తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది అనుకుందాం. ముందు బండి నుంచి వెనక బ్యాటరీకి 8 మీటర్లు, తిరిగి రావడానికి మరో 8. అందులో 10 ఆంపియర్లు పారితే దారిలోనే దాదాపు 1.2 వోల్టులు హరించుకుపోతాయి. ఇంజన్ దగ్గర 14.2 ఉన్నది బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి 13 అవుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చురుగ్గా నిండాలంటే 14.4 దాకా కావాలి. అంటే తీగ ఉంది, కరెంటు వస్తోంది, అయినా బ్యాటరీ నిండటం లేదు. అదే తీగ 10 చదరపు మిల్లీమీటర్లదైతే పోయేది 0.3 వోల్టులే. పైగా ఈ కాలపు బండ్లు చాలావాటిలో తమ సొంత బ్యాటరీ నిండగానే ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటర్ తన వోల్టేజీని తగ్గించేస్తుంది. వెనకున్నదాని ఆకలి దానికి తెలియదు. దారిలో ట్రైలర్ ఫ్రిజ్‌ను కూడా ఈ కరెంటు మీదే నడిపితే వచ్చిన కాస్తా అది తాగేస్తుంది, బ్యాటరీకి మిగిలేది సున్నా.

ఇప్పుడు గచ్చిబౌలి సంగతి చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నప్పటి నుంచి ఆ ప్రాంతం పరుగు ఆగలేదు. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. ఆ తర్వాత నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రాళ్ళగుట్టల మధ్య నుంచి ఆకాశానికి లేచాయి. ఇంత వేగంగా కదిలేదానికి తగులుకుని ఉన్నవాడు తానూ ఎదుగుతున్నాననే అనుకుంటాడు. జీతం పెరుగుతుంది, హోదా మారుతుంది, ఫ్లాటు వస్తుంది. ఇవన్నీ నిజమైన కదలికలే, వాటిని తక్కువ చేయను. మనసు దగ్గర కొలిచి చూస్తే మాత్రం రీడింగు వేరుగా ఉంటుంది. లాగే బండి మంచిదే కావచ్చు, కానీ లోపలి బ్యాటరీ సంగతి చూడటం దాని పని కాదు. రోజు మొత్తంలో దొరికిన కాస్త తీరికనూ ఈఎంఐ దిగులు, ఫోను తాగేస్తే ఆ ఫ్రిజ్ కథే ఇక్కడా జరుగుతుంది.

పనే దైవం, వేరే తీగ ఎందుకు అని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చూపించే సాక్షి మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు. మిథిలలో మాంసం అమ్ముకుంటూనే, తపస్సు చేసిన కౌశికుడికి ధర్మం బోధించాడాయన. బలమైన సాక్ష్యమే, కాదనను. కానీ కథను అంగడి దగ్గరే ఆపేస్తున్నాం. ధర్మవ్యాధుడు కౌశికుణ్ణి ఇంటికి తీసుకెళ్ళి, ముసలి తల్లిదండ్రులను చూపించి, తనకు దేవతలు వీళ్ళేనని చెప్పాడు. అమ్మకం ఆయన కులవృత్తి, ఆయన్ని నింపింది తల్లిదండ్రులకు రోజూ చేసే సేవ. అంగడికీ మనసుకూ మధ్య ఆయన వేసుకున్న మందపాటి తీగ అదే. ఇలాంటి సాక్ష్యం గచ్చిబౌలి పక్కనే మరొకటి ఉంది. షేక్‌పేట వైపు వెళ్ళే పాత ముంబయి రోడ్డు మీద హుస్సేన్ షా వలీ దర్గా ఉంది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560ల మొదట్లో, హుస్సేన్ సాగర్ నిర్మాణం చూసుకున్నది ఆ సూఫీయే. చెరువు కట్ట పని చూడటం కోసం ఆయన ప్రార్థన మానలేదు, ప్రార్థన కోసం కట్ట వదల్లేదు. రోజుకు అయిదుసార్లు నమాజు, మూడుసార్లు సంధ్యావందనం పెట్టినవాళ్ళు పని చేసుకునే మనుషులను దృష్టిలో పెట్టుకునే పెట్టారు. ట్రైలర్లలో ఇప్పుడు డీసీ డీసీ ఛార్జర్ అనే చిన్న పెట్టె అమరుస్తున్నారు. బండి ఆగక్కర్లేదు. దారిలో నీరసించి వచ్చిన వోల్టేజీని అది బ్యాటరీకి కావలసినంతగా పెంచి అందిస్తుంది. నమాజు, సంధ్యావందనం లాంటి రోజువారీ నియమం చేసే పని సరిగ్గా అదే.

తీగ మందంగా ఉంటే చాలదు, దానికొక తలుపు కూడా కావాలి. ఇంజన్ ఆపాక కూడా రెండు బ్యాటరీలూ కలిసే ఉంటే వెనక ఇంటి వాడకం ముందు బండి బ్యాటరీని పీల్చేస్తుంది, తెల్లారాక బండి స్టార్ట్ కాదు. అందుకే ఇంజన్ ఆగగానే రెండిటినీ విడదీసే రిలే మధ్యలో పెడతారు. గోల్కొండ కోటలో రామదాసు చెర చూసినప్పుడు గుర్తు చేసుకోవలసిన సంగతి ఇది. ఆ రామదాసే పాల్వంచ పరగణా తహసీల్దారు కంచెర్ల గోపన్న. వసూలైన పన్ను డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషా కొలువులో బాకీదారై పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడని చెప్పుకుంటాం. ఆ భక్తిని శంకించే అర్హత ఎవరికీ లేదు. కానీ ఆ కథ చెప్పుకున్న భక్తులే బాకీని మాఫీ చేయలేదని గమనించాలి. రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి పైసాతో సహా కట్టి రసీదు తీసుకున్నారన్నారు. అప్పగించిన సొమ్ము వేరు, అర్పించే సొమ్ము వేరు అన్న తలుపు ఆ కథలోనే ఉంది. ఆఫీసు వేళల్లో ఎగ్గొట్టిన పనితో చేసే ధ్యానానికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

అవతలి పక్షం వాళ్ళది ఇంకో మాట. ఆగకుండా ఏదీ నిండదు, నాలుగు రోజులు ఆశ్రమానికి వెళ్ళాల్సిందే అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. లెడ్ యాసిడ్ బ్యాటరీలో చివరి అయిదో వంతు ఎంత గట్టి తీగ వేసినా గంటల తరబడి నెమ్మదిగానే నిండుతుంది. దానికి ఒకచోట ఆగి గోడ కరెంటు పెట్టుకోవడమే మేలు. అలాగని ఏడాదికోసారి నింపుకుని మిగతా రోజులన్నీ ఖాళీగా నడిపితే ఆ బ్యాటరీ పాడవుతుంది. తక్కువ ఛార్జిలో ఎక్కువకాలం ఉన్న పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత నింపినా పట్టదు. వేదాంతులు ఇంకా లోతైన ప్రశ్న వేస్తారు: ఆత్మ ఎప్పుడూ పూర్ణమే కదా, దానికి ఛార్జింగేమిటని. నిజమే, తరిగేది ఆత్మ కాదు, అంతఃకరణం. అద్వైతం కూడా కర్మయోగాన్ని చిత్తశుద్ధికి సాధనంగానే చెప్పింది. నేను మాట్లాడుతున్నది ఆ చిత్తం గురించే.

కౌశికుడి కథ చివర ఏమైందో చాలామంది చెప్పరు. వేదాధ్యయనం కోసం తల్లిదండ్రులను వాళ్ళ అనుమతి లేకుండా వదిలి వచ్చినవాడతను. కొడుకు లేని దుఃఖంతో వాళ్ళు చూపు పోగొట్టుకున్నారు. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళు అన్నాడు ధర్మవ్యాధుడు. గచ్చిబౌలి ఫ్లాట్లలో ఉండేవాళ్ళలో ఎంతోమంది అమ్మానాన్నలు ఖమ్మంలోనో, నల్లగొండలోనో, శ్రీకాకుళంలోనో ఫోను కోసం ఎదురుచూస్తూ ఉన్నారు. కౌశికుడు ఆ మాట విని ఇంటికి వెళ్ళాడు.