ఆకాశవాణి, అడవి, వార్తాధర్మం

1910 ఫిబ్రవరిలో బస్తర్ సంస్థానంలో భూమ్‌కాల్ అనే తిరుగుబాటు చెలరేగింది. అడవులను రిజర్వు చేయడం, వెట్టిచాకిరీ, చిన్న ఉద్యోగుల దౌర్జన్యం దాని ముఖ్య కారణాలు. తిరుగుబాటు కబురు ఊరూరికీ ఎలా ప్రాకిందో చరిత్రకారులు వివరించారు. మామిడికొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణం ఒక గ్రామం నుంచి మరొక గ్రామానికి చేతులు మారాయి. అక్షరం లేని ఆ వార్తను అందుకున్నవాడికి దాని అర్థం మరొకరు విప్పి చెప్పవలసిన అవసరం కలగలేదు. అది అతని జీవితాన్ని గురించిన వార్త. అతనికి తెలిసిన సంకేతాలలో వచ్చిన వార్త. ఆ కొమ్మను పక్క ఊరికి పంపడమా, మానడమా అన్నది అతను చెప్పే జవాబు.

ఆ తిరుగుబాటు మంచిచెడ్డల విచారణ ఈ వ్యాసానికి ఉద్దిష్టం కాదు. కాని ఆ కొమ్మకున్న మూడు లక్షణాలు ఆలోచింపదగినవి. సంబంధించిన మనిషికి చేరడం, అతనికి అర్థం కావడం, అతని జవాబుకు చోటివ్వడం. ప్రజాధనంతో నడిచే రేడియో దేశ రాజకీయాలను, ప్రపంచ వ్యవహారాలను వార్తలుగా చెబుతున్నప్పుడు శ్రోతకు ఏమి బాకీపడి ఉంటుంది? ఈ ప్రశ్నను ఢిల్లీలో కూర్చొని అడగడం ఒకటి, బస్తర్‌లో నిలబడి అడగడం మరొకటి.

బస్తర్ తెలుగువారికి పరాయి నేల కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశ చరిత్ర చెబుతుంది. దక్షిణాన కోంటా, భోపాలపట్నం ప్రాంతాల దోర్లా జనుల మాటలో తెలుగు కలిసిపోయి ఉంటుంది. శబరి నదికి ఒక గట్టున కోంటా, అవతల తెలుగు ఊళ్ళు. ఇప్పుడు ఏడు జిల్లాలుగా ఉన్న పూర్వపు బస్తర్ జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అంటే కేరళ రాష్ట్రం కంటే పెద్దది. దినపత్రిక చేరని ఊళ్ళు ఎన్నో ఉన్న అంతటి ప్రదేశంలో రేడియో ఎంత విలువైన సాధనమో వేరుగా చెప్పనక్కరలేదు.

జగదల్‌పుర్‌లో ఆకాశవాణి కేంద్రం 1977 జనవరిలో మొదలయింది. అదే నెల 18వ తేదీన లోక్‌సభ ఎన్నికల ప్రకటన వెలువడింది. అత్యవసర పరిస్థితి ఇంకా తొలగలేదు. రాజకీయ పక్షాలు తమ వాదాలను ఆకాశవాణిలో వినిపించుకొనే అవకాశం మొదటిసారి లభించింది ఆ ఎన్నికలలోనే. అంటే ప్రభుత్వ వాణిగా మాత్రమే ఉండాలా, ప్రజల వాణి కావాలా అని దేశమంతా రేడియోను ప్రశ్నిస్తున్న వేళ బస్తర్ గొంతుక తెరుచుకుంది.

ఆ ప్రశ్నకు మొదటినుంచీ ఒక జవాబు ఉంది. రేడియో క్షేమం చూడాలి. నిరక్షరాస్యత, మతవైషమ్యాలు, సరిహద్దు యుద్ధాలు ఉన్న దేశంలో తొందరపడి పలికిన ఒక్క మాట ఎన్ని ప్రాణాలకు ముప్పు తెస్తుందో ఊహించవచ్చు. కాబట్టి ఆలస్యమైనా సరే, నిర్ధారించుకొని చెప్పడం మేలు. ఈ వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. అయితే జాగ్రత్త ఎక్కడ ముగుస్తుందో, దాపరికం ఎక్కడ మొదలవుతుందో తెలిపే గీత చాలా సన్నం. 1984 అక్టోబరు 31న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మరణవార్తను విదేశీ రేడియో మధ్యాహ్నానికే చెప్పింది. ఆకాశవాణి సాయంకాలం వరకు చెప్పలేదు. స్వదేశపు విషాదాన్ని పౌరుడు పరదేశపు రేడియోలో వినవలసివచ్చింది. మౌనం వదంతిని ఆపదు. వదంతికి తావు విడిచిపెడుతుంది, అంతే.

రెండవ జవాబు సమతూకం. ప్రభుత్వపక్షానికి ఇంత కాలం, ప్రతిపక్షానికి ఇంత కాలం అని కొలిచి ఇస్తే రేడియో నిష్పాక్షికమవుతుందనే భావన. అత్యవసర పరిస్థితిలో ప్రసార సాధనాల దుర్వినియోగంపై 1977లో శ్వేతపత్రం వచ్చింది. బి.జి.వర్గీస్ కమిటీ 1978లో ‘ఆకాశ భారతి’ అనే స్వతంత్ర వ్యవస్థను సూచించింది. 1990లో ప్రసార భారతి చట్టమయింది, 1997లో అమలులోకి వచ్చింది. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఒకరు తెలుగువారైన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి కావడం మనకు సంతోషదాయకం. ఇవన్నీ విలువైన మెట్లు. కాని సమతూకం అనే త్రాసులో తూగేది ఇప్పటికే గొంతు ఉన్నవారి మాటలే. ప్రకటన ఇవ్వగలవాడు, ఖండన పంపగలవాడు మాత్రమే అందులో పక్షాలు. ప్రకటన రాయలేని గ్రామం ఏ పక్షం?

బస్తర్ అనుభవం ఈ ప్రశ్నను కఠినంగా ముందుంచుతుంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. 2012 జూన్ చివర బీజాపుర్ జిల్లా సార్కేగూడలో భద్రతాదళాల కాల్పులలో 17 మంది మరణించారు. మరణించినవారు మావోయిస్టులని మొదట ప్రకటన వెలువడింది. అందుకు సంతృప్తికరమైన సాక్ష్యం లేదని న్యాయవిచారణ సంఘం 2019లో నివేదించింది. మొదటి మాట దేశమంతటా వినబడడానికి ఒక్క పూట చాలింది. రెండవ మాటకు ఏడేళ్ళు పట్టింది. ఆ రెండవ మాట మొదటిదానంత దూరం ప్రయాణించిందా? 76, 17 అనే అంకెలు వార్తలో ఒక్క క్షణం పలుకుతాయి. ఆ అంకెల వెనుక ఉన్న ఇళ్ళు, దూర రాష్ట్రాలలోని జవానుల ఇళ్ళయినా, అడవిలోని గుడిసెలయినా, ఆ క్షణాన్ని జీవితమంతా వింటూనే ఉంటాయి. ఇక్కడ రెండు ప్రకటనలను పక్కపక్కన చదివినంత మాత్రాన సత్యం చెప్పినట్లు కాదు.

ఈ విషయంలో ఇతరులను తప్పుపట్టే అర్హత నాకు తక్కువ. 2006 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. భద్రాచలం వద్ద నీటిమట్టం 66 అడుగులు దాటింది. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్తవాణ్ణి. సహాయ చర్యలపై పత్రికా ప్రకటన తయారుచేసే పని నాకు అప్పగించారు. మునిగిన ఊళ్ళలో ఒక్కదానినైనా చూడకుండానే, పాత ఫైలులోని నమూనా ప్రకారం, ‘పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది’ అని రాశాను. ఆ సాయంకాలం ఒక సహాయ శిబిరానికి వెళ్ళినప్పుడు నా వాక్యమే రేడియోలో వినవచ్చింది. ఆ శిబిరంలో, అంతకు ముందు ఏడాది మొదలైన ఘర్షణల వల్ల బస్తర్ విడిచి వచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మనవైపు గుత్తికోయలని పిలిచేది వారినే. వారికి తెలుగు రాదు. స్థానిక కోయ యువకుడొకడు వార్తను వారి మాటలో చెబుతున్నాడు. నా వాక్యం దగ్గర ఆగిపోయాడు. నావైపు తిరిగి, ‘ఎవరి అదుపులో సార్?’ అని అడిగాడు.

అతని ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. అనువాదానికి కర్త కావలసివచ్చింది, అంతే. ఇల్లు వదిలి నది దాటి, మళ్ళీ నది వల్లనే రెండవసారి నిరాశ్రయులైన వారి ముఖాలు చూస్తూ ఆ కర్తను నేను చెప్పలేకపోయాను. వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కార్యాలయంలో దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాని ఎవరి గురించి రాశానో వారి ఎదుట, వారి భాషలో, అది నిలవలేదు. ప్రజా రేడియో వార్తకు నైతిక ప్రమాణం ఇదేనని నాకు ఆనాడు తోచింది. ఎవరి బతుకును గురించి చెబుతున్నామో వారి సమక్షంలో, వారికి తెలిసిన మాటలలో చెప్పగలిగినదే వార్త. అలా చెప్పలేనిది సమాచారం రూపంలో ఉన్న ఆజ్ఞ కావచ్చు, ఆత్మస్తుతి కావచ్చు, వార్త మాత్రం కాదు.

ఈ ప్రమాణాన్ని అంగీకరిస్తే భాష సాంస్కృతిక శాఖకు మాత్రమే సంబంధించిన విషయంగా మిగలదు, న్యాయవిషయం అవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీని మాతృభాషగా చెప్పినవారు సుమారు 29 లక్షల 80 వేలు. ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో గోండీ లేదు. హల్బీ బస్తర్ సంతలలో పలు తెగలను కలిపే భాష. జగదల్‌పుర్ కేంద్రం హల్బీ, గోండీ మాటలలో పాటలు, వ్యవసాయ ప్రసంగాలు వినిపించి ఎంతో సేవ చేసింది. అయితే చిరకాలం పాటు అక్కడి శ్రోత తన పాటను తన భాషలోనూ, తన ప్రభుత్వ నిర్ణయాన్ని హిందీలోనూ విన్నాడు. ఇందులో ఒక అవ్యక్త భావన దాగి ఉంది. అడవి మనిషికి పాట చాలు, రాజకీయం పైవారి వ్యవహారం. ఎవరూ ఇలా అనరు, కాని కార్యక్రమాల పట్టిక అంటుంది.

ప్రపంచ వ్యవహారాల సంగతి ఇంకా విచిత్రం. విదేశీ వార్త అడవి మనిషికెందుకని అనుకొనేవారున్నారు. బైలాడిలా కొండలను చూస్తే ఆ భ్రమ తొలగుతుంది. 1968 నుంచి అక్కడి ఇనుప ఖనిజం కిరందుల్ రైలుమార్గాన విశాఖపట్నం రేవుకు, అక్కడినుంచి జపాను ఉక్కు కర్మాగారాలకు ప్రయాణించింది. టోకియోలో ఉక్కు గిరాకీ దంతెవాడ జిల్లాలో కూలి దొరకడం, దొరకకపోవడం అయింది. 1978 ఏప్రిల్‌లో కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై కిరందుల్‌లో తలెత్తిన ఆందోళన పోలీసు కాల్పులకు దారితీసింది. ఆ కార్మికునికి జపాను వార్త విదేశీ వార్త కాదు, పొయ్యిలోని నిప్పు గురించిన వార్త. ప్రపంచ వార్త చెప్పడమంటే దేశాధినేతల కరచాలనాలను వరుసగా చదవడం కాదు. ఆ దూరపు నిర్ణయానికీ ఈ దగ్గరి బతుకుకూ మధ్యనున్న దారిని చూపించడం.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రతి ఆర్తుడి మాటనూ ప్రసారం చేస్తే అబద్ధానికీ, ద్వేషానికీ తలుపు తెరిచినట్లు కాదా? గతంలో జరిగిన ప్రయత్నాలు కొంత సమాధానం ఇస్తాయి. మెదక్ ప్రాంతపు మాచనూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలు తమ మాటలోనే నడిపారు. మధ్య భారతంలో 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఫోను ద్వారా సామాన్యుల మాటలను నమోదుచేసి, పరిశీలించి, అందరికీ వినిపించింది. పరిశీలన అన్న మాటను గమనించాలి. మాట్లాడనివ్వడం, నిర్ధారించుకోవడం ఒకదానికొకటి విరోధులు కావు. పైగా 2006 నాటి సామాజిక రేడియో మార్గదర్శకాలు ఆ కేంద్రాలకు వార్తా ప్రసారాన్ని అనుమతించలేదు. 2011 నాటి విధానం ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు ఆకాశవాణి వార్తలను మార్పులేకుండా వినిపించే వీలు మాత్రమే ఇచ్చింది. వాయుతరంగాలపై వార్త చెప్పే హక్కును ఒక్క సంస్థకే అప్పగించినప్పుడు, ఆ హక్కుతో పాటు బాధ్యత కూడా ఒక్కచోటనే పోగుపడుతుంది. వేరెవరో చెబుతారులే అని అది అనుకోవడానికి వీలులేదు.

ఆ బాధ్యతలో అతిముఖ్యమైనది దిద్దుబాటు. పొరపాటు మానవ సహజం. రేడియోకు వార్త అందించే మావంటి ఉద్యోగులం తరచు పొరబడతాం. కాని తప్పు ఏ వేళ, ఏ భాషలో, ఎంత స్పష్టంగా పలికామో, దిద్దుబాటు కూడా ఆ వేళనే, ఆ భాషలోనే, అంత స్పష్టంగానే పలకాలి. ఏడేళ్ళ తరువాత తేలిన నిజానికి ఆ గ్రామం వినేవేళలో ఒక్క నిమిషం ఇవ్వడం వల్ల ప్రభుత్వ గౌరవం తగ్గదు. ఆ నిమిషం విన్న మనిషి మరునాడు చెప్పే మాటను నమ్ముతాడు. అడవిలో ప్రభుత్వానికి అంతకు మించిన ఆస్తి లేదు.

బస్తర్ దసరా ఉత్సవాలలో మురియా దర్బారు అనే సంప్రదాయం ఉంది. 1876 నాటి మురియా తిరుగుబాటు అనంతరం అది ఆరంభమయిందని చెబుతారు. ఆనాడు రాజు, నేడు ప్రజాప్రతినిధులు, అధికారులు కూర్చుంటారు. ఊళ్ళ మాంఝీలు నిలబడి తమ గోడు చెప్పుకుంటారు. అన్ని గోడులూ తీరతాయని కాదు. చెప్పేవాడి ముఖం వినేవాడికి కనబడుతుంది, అదే దాని విశేషం. రేడియోకు ముఖం కనబడదు. ఆ లోటును మనస్సాక్షితోనే పూరించుకోవాలి. ఆనాటినుంచి నేను ప్రకటన రాసేటప్పుడల్లా, సంతకానికి ముందు, ఆ కోయ యువకుడు ప్రతి వాక్యాన్నీ తనవారికి అనువదిస్తున్నట్లు ఊహించుకొని చదువుకుంటాను. కొన్ని వాక్యాలు కొట్టివేయవలసివస్తుంది. ‘పరిస్థితి అదుపులో ఉంది’ అని మాత్రం మళ్ళీ రాయలేదు.