తెర్తియు వందనము

ధ్యాన భాగములు: రోమా. 16:1-2, 21-23, యిర్మీయా 36, 45 అధ్యాయములు



రోమీయులకు పత్రిక వ్రాసినదెవరని ఆదివారపు బడి పిల్లవానిని అడిగినయెడల, పౌలని వెంటనే చెప్పును. అది తప్పు కాదు. అయినను పదునారవ అధ్యాయము ఇరువది రెండవ వచనమునకు వచ్చునప్పటికి వేరొకడు తల యెత్తి, దీనిని వ్రాసినవాడను నేనేనని తన పేరు చెప్పుకొని, సంఘమునకు వందనము పంపుచున్నాడు. అతడే తెర్తియు. పౌలు చెప్పుచుండగా ఇతడు వ్రాసెను. గ్రీకు భాషలో ఆ పత్రిక సుమారు 7,000 మాటలు. రెల్లుకలముతో, సిరాతో, ఒక్కొక్క అక్షరము చేతితో దిద్దవలసిన కాలమది. ఇతని ఊరేదో గ్రంథము చెప్పలేదు. కూలికి వ్రాసెనో, ప్రేమచేత వ్రాసెనో అదియు చెప్పలేదు. ఒక్క వచనము మాత్రము అతనికి దక్కినది.

ఆ తరువాతి వచనములోనే పౌలునకును సంఘమంతటికిని ఆతిథ్యమిచ్చిన గాయు కనబడుచున్నాడు. కాబట్టి క్రీ.శ. 57 ప్రాంతమున, కొరింథులో, గాయు ఇంటనే ఈ పత్రిక వ్రాయబడి యుండునని పండితులు అనేకులు తలంచుచున్నారు. అది కచేరి కాదు, పాఠశాల కాదు, కాపురమున్న ఇల్లు. వచ్చుపోవు చుట్టములు, పొయ్యి పొగ, పిల్లల కేకలు ఉండకపోవునా? ఇదే కొరింథులో మునుపు అకుల ప్రిస్కిల్లల ఇంట పౌలు డేరాలు కుట్టి బ్రదికెను (అపొ. కా. 18:3). ఇంటిలో చేసిన పని పనియేనా అను సందేహము ఆ సంఘములకు కలిగినట్లు లేదు. మనకు కలుగుచున్నది. అందుచేతనే ఈ నెల ఈ మాట వ్రాయుచున్నాము.

పరులకొరకు వ్రాసిపెట్టుట మన గోదావరి సీమకు క్రొత్త కాదు. మన తాతల కాలమున వేలాది మంది ఓడ యెక్కి రంగూను పోయెడివారు. రంగము అనెడివారు మన పెద్దలు. ఇంట మిగిలిన ఇల్లాలు చదువురానిది. ఆమె ఉపదేశిగారి అరుగుమీద కూర్చుండి చెప్పుకొనును, ఆయన వ్రాయును. కన్నీళ్లు ఆమెవి, అక్షరములు ఆయనవి. వినుకొండలో 1895లో పుట్టిన మన క్రైస్తవ కవి గుఱ్ఱము జాషువ కూడ 1915-16 సంవత్సరములలో రాజమండ్రిలో మూగ సినిమాలు ఆడుచుండగా కథను సంభాషణలను చదివి వినిపించి పొట్ట పోసికొనెను. బొమ్మ ఒకరిది, కంఠము ఇతనిది.

ఇప్పుడు అరుగు పోయి లాప్‌టాప్ వచ్చినది. 2020 మార్చిలో కోవిడు వలన దేశము మూతపడినప్పుడు పట్టణములలో ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డలనేకులు ఇండ్లకు వచ్చి ఇక్కడనుండియే పని చేసిరి. కొందరు మరల పోయిరి, కొందరు ఉండిపోయిరి. చదువుకొన్న కోడండ్రు కొందరు ఏ కంపెనీ జీతములోను లేక, మాటకింత అని కూలి మాటలాడుకొని, ఎక్కడివారికో ప్రకటనలు, తర్జుమాలు, పాఠములు వ్రాసి పంపుచున్నారు. వ్రాసిన దానిమీద వారి పేరుండదు.

కొంతకాలము క్రిందట గృహ దర్శనమునకు పోయినప్పుడు ఒక తల్లిని, మీ కోడలేమి చేయుచున్నదమ్మా అని అడిగితిమి. "ఏం పనుందండీ అయ్యగారండీ, ఉద్యోగం గిద్యోగం లేదండీ. ఇంట్లోనే కూర్చుని ఏదో రాసుకుంటా ఉంటదండీ," అని ఆమె చెప్పెను. లోపలి గదిలోనుండి మీటల చప్పుడు వినబడుచునే యున్నది. మేమున్న అరగంటలో ఆ కోడలిని మూడు మారులు పిలిచిరి, ఒకమారు మాకు టీ కొరకే. మనుమని ఆ యేటి బడి ఫీజు ఆ "ఏదో" వలననే కట్టబడినదని తరువాత తెలిసినది.

ఇందును గూర్చి నరసాపురమును చూచిన చాలును. మిషనరీలు పందొమ్మిదవ శతాబ్దమున మన స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. బీద కుటుంబములకు అది గంజినీళ్లు పోసిన మాట నిజము. ఏజెంటు నూలు తెచ్చియిచ్చును. తల్లులు వంట ముగించి, గుమ్మములో కూర్చుండి, వెలుతురు పోవువరకు అల్లుదురు. అల్లినది అతడు కొనిపోవును. అది సముద్రముల ఆవలి ఇండ్లలో బల్లలమీద పరచబడును. జర్మను దేశపు పండితురాలు మరియా మీస్ ఈ స్త్రీల మధ్య తిరిగి విచారించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూచినదేమనగా, దినమునకు ఎన్నో గంటలు అల్లుచున్నను వీరిని ఎవరును పనివారని లెక్కించలేదు. ఇంటి ఇల్లాండ్రు తీరిక వేళ ఏదో అల్లుకొనుచున్నారని వర్తకులు అనిరి, భర్తలును అనిరి. తీరిక వేళ పనియైనప్పుడు కూలి ఎంత తక్కువైనను చెల్లునుగదా! వర్తకము పెద్దదాయెను గాని వేళ్లు నొప్పిపుట్టినవారి చేతికి కొలదిగానే చేరెను. ఆ లేసునకు 2024లో ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కలిగినది. సంతోషమే. లేసునకు పేరు వచ్చినది. అల్లిన వేళ్లకు ఇంకను రావలసియున్నది.

వ్రాతపని చేయు మన కోడండ్రకును ఇదే ఉచ్చు పన్నబడుచున్నది. ఇంటనే యున్నది గదా అని ఇంటివారును, ఇంటనే యున్నది గదా అని పని పెట్టినవారును ఒకటే మాట. నెల తిరిగినను డబ్బు పంపరు, అడిగినచో వచ్చేవారమందురు. కూలివాని కూలి తెల్లవారువరకు నీయొద్ద ఉంచుకొనవద్దని లేవీయకాండము 19:13 ఆజ్ఞాపించుచున్నది. బిగబట్టిన కూలి తానే మొఱ్ఱపెట్టునని యాకోబు హెచ్చరించుచున్నాడు (5:4). ఇది వరి కోసినవారికే గాని వాక్యములు కోసినవారికి కాదని యెవరు చెప్పగలరు?

పని చేయువారికిని ఒక మాట చెప్పవలెను. మేస్త్రీ కనబడని చోట మనుష్యుని స్వభావము బయటపడును. మనుష్యుల కంటికి మాత్రమే కనబడు సేవను గూర్చి పౌలు కొలస్సయులను హెచ్చరించెను (3:22). ఎన్నడును వాడి చూడని వస్తువును వాడి మెచ్చుకొన్నట్లు వ్రాయుమని, ఒక్కొక్కదానికి ఇంతయని డబ్బు చూపువారున్నారు. ఇట్టి దొంగ మెప్పులు పెరిగినందుననే మన దేశపు ప్రమాణముల బ్యూరో 2022లో వీటిని అరికట్టుటకు నియమములు వ్రాసినది. మనకు అంతకంటె పాత నియమమొకటి కలదు. అబద్ధ సాక్ష్యమును నిషేధించు తొమ్మిదవ ఆజ్ఞ. ఇప్పుడు యంత్రమే క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చుచున్నది. దాని సహాయము తీసికొనుట పాపమని మేము చెప్పము. దాని వ్రాతను నా చేతి పనియని అమ్ముట మాత్రము త్రాసులో రాయి దాచుటయే.

యిర్మీయా లేఖకుడైన బారూకు ఈ కష్టములన్నియు ఎరిగినవాడు. ప్రవక్త నోట వచ్చినది గ్రంథపు చుట్టలో వ్రాసెను. యెహోయాకీము రాజు చలికాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండి, మూడు నాలుగు పుటలు చదువబడగానే కోసి, అగ్నిలో వేయుచు, చుట్టంతయు కాల్చివేసెను. అతడు కోసినది లేఖకుల చాకుతో; బారూకు వృత్తి పనిముట్టుతోనే! దేవుడు మరియొక చుట్ట తీసికొమ్మనెను. బారూకు మరల మొదటినుండి వ్రాసెను, ఇంకను అనేకమైన మాటలు దానికి చేర్చబడెను (36:32). నెల దినముల పని నచ్చలేదని త్రిప్పిపంపబడిన బిడ్డలారా, ఆ రాత్రి ఈ అధ్యాయము చదువుకొనుడి. ఈ బారూకే అలసి మూలిగినప్పుడు, నీకొరకు గొప్ప సంగతులు వెదకుచున్నావా అని దేవుడు మందలించెను. మందలించి విడువక, ఎక్కడికి పోయినను ప్రాణము దక్కునని మాట యిచ్చెను (45:5).

మరియు ఇంటి పనికి గంట కొట్టువాడు లేడు. అర్ధరాత్రి వరకు కొనసాగును, ఆదివారము కూడ మ్రింగును. ప్రొద్దు పోయిన తరువాత కూర్చుండి కష్టార్జితము తినుట వ్యర్థమని 127వ కీర్తన చెప్పుచున్నది. ఆరాధన దినమున ఆ పెట్టె మూసియుంచుడి. ఇంటివారు కూడ ఆ దినము వంటలో చేయి వేసిన మంచిది. (పురుషులను ఉద్దేశించియే వ్రాయుచున్నాము.)

ఇంతగా వ్రాసి మా దోషము దాచుకొనుట న్యాయము కాదు. మా సంఘపు జూబిలీ సంచిక సిద్ధపరచినప్పుడు పాత మినిట్సు పుస్తకములు చదివి, పెద్దలు చెప్పినవి విని, చరిత్రయంతయు వ్రాసినది పైని చెప్పిన ఆ కోడలే. రాత్రులు మేలుకొని వ్రాసెను. కమిటీవారి ఫొటోలు వేసితిమి, చందాదారుల పేర్లు వేసితిమి, షామియానా వేసినవానికి కృతజ్ఞతలు చెప్పితిమి. ఆమె పేరు ఎక్కడను లేదు. తెర్తియునకు పౌలు ఇచ్చిన ఒక్క వచనపు చోటు మేమియ్యలేదు. వాక్యము సిద్ధపరచుకొనుచు 16:22 చదివినప్పుడు గాని ఇది మాకు తగులలేదు.

మరుసటి దినము వారింటికి పోయి, అత్తగారి యెదుటనే తప్పు ఒప్పుకొని, ఈ నెల పత్రికలో నీ పేరు వేయుదుమా అమ్మా అని అడిగితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "పేరు సంగతి తర్వాత చూద్దురు గానండీ అయ్యగారండీ, ముందు ఆ కాగితాలు, జిరాక్సుల డబ్బులు ఇప్పించండి. నా చేతివే పెట్టానండీ," అనెను. అత్తగారు మావైపు చూచెను. ఆ సాయంకాలమే కోశాధికారిగారు సొమ్ము తీసికొని వెళ్లిరి. వ్రాసిన రాత్రులకు కూలి ఎంతయో తేల్చుటకు పెద్దలు వచ్చే శనివారము కూడుచున్నారు.