వర్రో పాండిత్యం – అగస్టీన్ అభియోగం

రోమన్ మతంపై క్రైస్తవ విమర్శ అనగానే విగ్రహారాధన ఖండనమే స్ఫురిస్తుంది. అగస్టీన్ ‘దైవనగరం’ (క్రీ.శ. 413-426) నాలుగు, ఆరు పుస్తకాలలో లేవనెత్తిన ప్రశ్న అంతకంటె సూక్ష్మమైనది: తాను సత్యమని నమ్మని మతాన్ని పండితుడు ప్రజాహితం పేర నిలబెట్టవచ్చునా?

ఇందుకు ఆయన ప్రతివాదిగా ఎంచుకొన్నది క్రీ.పూ. మొదటి శతాబ్దపు మహాపండితుడు వర్రోను. వర్రో 41 పుస్తకాల బృహద్గ్రంథంలో దైవవిషయాలవి 16. అవి మానవవిషయాల తరువాతనే వస్తాయి. చిత్రానికి ముందు చిత్రకారుడున్నట్లే మతవ్యవస్థకు ముందు నగరమున్నదని ఆయన సమర్థన. దైవవిచారాన్ని కవులది, తత్త్వవేత్తలది, నగరానిది అని మూడుగా విభజించాడు. కవులు చెప్పిన దేవతల దొంగతనాలను, జారత్వాలను నిరాకరించాడు. తత్త్వవిచారాన్ని విద్యాగోష్ఠికి పరిమితం చేశాడు. ఆలయాన్ని నగరానికి వదిలాడు. కొత్త నగరాన్ని స్థాపించవలసివస్తే ప్రకృతిసూత్రాన్ని బట్టి దేవతలను నిర్ణయించేవాడినని అంటూనే, పాత నగరంలో సంప్రదాయమే శరణ్యమన్నాడు.

అగస్టీన్ ఈ విభజనలోని అతుకును పట్టుకొన్నాడు. కవుల కథలు ప్రదర్శితమయ్యేది దేవతోత్సవాలలోనే. ఆ ఉత్సవాలను జరిపేది నగరమే. ఇక రంగస్థల దేవత వేరు, ఆలయ దేవత వేరు ఎట్లా అవుతారు? ఇది గట్టి వాదమే. సెనెకాపై అభియోగం మరింత కఠినం: నటుడు వినోదపరుస్తాడు గాని వంచించడు, గ్రంథంలో నిందించిన ఆచారాన్నే సెనేటరుగా పాటించినవాడు ప్రజలను వంచించాడు.

వర్రో దైవవిషయ గ్రంథం నేడు అలభ్యం. దాని గురించి మనకు తెలిసినదానిలో అధికభాగం ఖండించినవాని పుటలలోనిదే. పూర్వపక్షంగా మాత్రమే మిగిలిన చార్వాకులను చదివినవారికి ఇందులోని చిక్కు కొత్త కాదు.

అయితే ప్రశ్న అగస్టీన్‌నూ విడిచిపెట్టదు. డొనాటిస్టుల విషయంలో బలప్రయోగం తగదని మొదట భావించిన ఆయన, సామ్రాజ్య శాసనాల భయంతో తన ఊరే మారిపోవడం చూసి అభిప్రాయం మార్చుకొన్నానని విన్సెంటియస్‌కు రాసిన లేఖలో చెప్పాడు. వర్రో నమ్మనిదాన్ని నిలబెట్టాడు, అగస్టీన్ నమ్మినదాన్ని. ఈ భేదాన్ని తోసిపుచ్చలేము. భయం వినేటట్లు చేస్తుందని, విన్నవాడు తరువాత నమ్ముతాడని ఆయన ఆశ. కాని ఆ నమ్మకం కలిగేవరకు డొనాటిస్టు స్థితి సెనెకా స్థితియే: చేత ఒకటి, మనస్సు ఒకటి. సెనెకా దానిని తానే ఎంచుకొన్నాడు. డొనాటిస్టుకు అది శాసనం విధించినది.