పేరు వెంట నడిచిన జనం

స్కాట్లండ్ ఉత్తర కొసన, సదర్లండ్‌లో ఒక పొడవాటి లోయ వెంబడి పరుచుకున్న పారిష్ కిల్‌డోనన్. ఆ లోయలో పారే ఏటిని గేలిక్‌లో ఇలీ అంటారు. రెండో శతాబ్దంలో టాలమీ రాసిన భూగోళ గ్రంథంలో ఉన్న ‘ఇలా’ ఈ ఏరేనని పండితుల గుర్తింపు. ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న రేవు హెల్మ్స్‌డేల్. ఆ పేరు ఓడల్లో వచ్చిన నార్స్ జనం పెట్టింది. ఇక కిల్‌డోనన్ అంటే గేలిక్‌లో డోనన్ గుడి. 617లో ఐగ్ దీవిలో తోటి సన్యాసులతో పాటు హత్యకు గురైన క్రైస్తవ బోధకుడాయన. ఏరొకరిది, రేవొకరిది, గుడొకరిది.

ఇన్ని భాషల పేర్లు ఒకే లోయలో ఎలా మిగిలాయి? కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్ల పక్కన బతికారు, వాళ్ల నోట విన్న పేరును తమ నాలుకకు అలవాటు చేసుకున్నారు. ఊరి పేరుకు పలికే మనుషులే ఆధారం. మరి ఆ మనుషులనే వెళ్లగొడితే?

1811లో కిల్‌డోనన్ జనాభా 1,574. 1831 నాటికి 257. కరువూ యుద్ధమూ చేసిన పని కాదిది. ఆ భూములన్నీ సదర్లండ్ కౌంటెస్ ఎస్టేట్‌వి. కౌలుదార్లను ఖాళీ చేయించి, లోయను షెవియట్ గొర్రెల మేతకిస్తే ఎక్కువ శిస్తు వస్తుందని ఎస్టేట్ లెక్క వేసింది. 1813 మొదట్లో భూమి చూడ్డానికి వచ్చినవాళ్లను జనం తరిమికొట్టారు. సైన్యం దిగింది. పశువులు కాసుకుని బతికినవాళ్లను తీరానికి పంపి, హెర్రింగ్ చేపలు పట్టి బతకమన్నారు.

అదే లోయలో 1869లో బంగారం దొరుకుతుందని తెలిసి జనం మళ్లీ విరగబడి వచ్చారు. నెలకు పౌను చెల్లించి అనుమతి తీసుకుని ఏటి ఇసుక జల్లించారు. వాళ్ల గుడిసెల పేటకు గేలిక్‌లో ‘బంగారపు ఊరు’ అని పేరు. ఏడాది తిరక్కుండానే ఎస్టేట్ తవ్వకాలు ఆపించింది. పేట పోయింది, పేరు మాత్రం ఈనాటికీ పటాల్లో ఉంది. మనుషులు లేని పేరు ఎంత బోసిగా ఉంటుందో చూడాలంటే అక్కడ చూడాలి.

కిల్‌డోనన్ పేరుకు ఆ గతి పట్టలేదు. 1813 వేసవిలో, లోయ నుంచి వెళ్లగొట్టినవాళ్లలో సుమారు వంద మంది, కెనడాలోని రెడ్ రివర్ దగ్గర స్థావరం నెలకొల్పుతున్న లార్డ్ సెల్కర్క్ చూపిన ఆశతో అక్కడికి ఓడెక్కారు. దారిలో టైఫస్ సోకి కొందరు చనిపోయారు. కెప్టెన్ వాళ్లను గమ్యం చేర్చకుండా చర్చిల్ దగ్గర దించేశాడు. ఆ చలికాలం ఎలాగో గట్టెక్కి, 1814 వసంతంలో పడుచువాళ్లు యార్క్ ఫ్యాక్టరీ అనే వర్తక కేంద్రానికి మంచు మీద నడిచి వెళ్లారు. వరుసలో ఒకడు బ్యాగ్‌పైప్ వాయిస్తుంటే మిగతావాళ్లు అడుగు కలిపారు. అక్కణ్నుంచి రెడ్ రివర్ చేరి స్థిరపడ్డారు. 1817లో సెల్కర్క్ వాళ్ల స్థావరానికి కిల్‌డోనన్ అని పేరు పెట్టాడు. నేటి విన్నిపెగ్ నగరంలో తూర్పు, పడమర, ఉత్తర కిల్‌డోనన్‌లు ఉన్నాయి. లోయలో ఉన్నవాళ్లకన్నా ఎన్నో రెట్ల మంది అక్కడ ఆ పేరు పలుకుతున్నారు.

పేరు గెలిచిందని ఇక్కడితో సంతోషించి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ కొత్త కిల్‌డోనన్ ఖాళీ నేల మీద వెలియలేదు. అది ఆదివాసులైన క్రీ, సోతో జనాల భూమి. సోతో నాయకుడు పెగ్విస్ వలస వచ్చినవాళ్లను ఆదుకున్నాడు, 1817లో సెల్కర్క్‌తో ఒప్పందం మీద గుర్తు వేశాడు. 1907లో పెగ్విస్ వారసుల చేత, వాళ్లకు కేటాయించిన సెయింట్ పీటర్స్ రిజర్వును అప్పగింపజేసుకుని, వాళ్లను ఉత్తరానికి తరలించారు. ఆ భూమిని అప్పగింపజేసుకున్న తీరు చెల్లదని కెనడా ప్రభుత్వమే ఆ తర్వాత ఒప్పుకుంది.

భూమి పోగొట్టుకున్నవాళ్లు తమ ఊరి పేరును వెంట తీసుకుపోవడం వాళ్ల హక్కు. ఆ పేరు దిగిన చోట అంతకు ముందు ఎవరున్నారో చెప్పడం చరిత్రకారుల బాధ్యత. కిల్‌డోనన్ కథ రాసేవాళ్లు 1813 పక్కనే 1907ను కూడా రాయాలి. రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా ఆ చరిత్ర సగమే అవుతుంది.