గాయపడినవానికి ఇచ్చునది దానమా, ఋణమా?

ధ్యాన భాగము: నిర్గమకాండము 21:18-19, ద్వితీయోపదేశకాండము 22:8



కూలివాడు పనిలో గాయపడినప్పుడు మన గ్రామములలో జరుగునది మనమందరము ఎరిగినదే. నూర్పిడి యంత్రములో చేయి పడును, ట్రాక్టరు బోల్తాపడును, గొట్టపుబావి వేయుచుండగా ఇనుపగొట్టము కాలిమీద పడును. యజమాని ఆసుపత్రికి కొంత పంపును. పెద్దలు కూర్చుండి ఒక మొత్తము తేల్చుదురు. గాయపడినవాడు కాగితముపై వేలిముద్ర వేసి, దండము పెట్టి వచ్చును. ఇచ్చినవాడు దయగలవాడని పేరుపొందును. అయితే అతడు ఇచ్చినది దానమా, లేక తీర్చవలసిన ఋణమా?

మోషే ధర్మశాస్త్రము ఈ సంగతిని విడిచిపెట్టలేదు. ఒకడు కొట్టగా మరియొకడు చావక మంచము పట్టినయెడల, కొట్టినవాడు రెండు చెల్లించవలెను: పని పోయిన దినముల నష్టము, పూర్తిగా బాగగువరకు వైద్యము. దెబ్బ ఒంటికి మాత్రమే తగులదు, ఇంటిలోని పొయ్యికి కూడ తగులునని ఆ ఆజ్ఞ మనకు నేర్పుచున్నది.

“యజమాని కొట్టలేదు గదా” అని కొందరందురు. నిజమే. కాని క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని కూడ ధర్మశాస్త్రము చెప్పినది. అతడు ఎవనిని త్రోయకపోయినను, గోడ లేక ఒకడు పడినయెడల ఆ దోషము ఆ యింటిమీదనే నిలుచును. యంత్రమునకు వేయు మూత మన కాలపు పిట్టగోడయే.

మరి పిట్టగోడ కట్టియున్నను ఒకడు జారిపడినయెడల? ఇదియే కష్టమైన ప్రశ్న. 1837లో ఇంగ్లండులో ఒక మాంసపు వర్తకుని సేవకుడు, బరువు మించిన బండి విరిగి తొడ యెముక విరుగగొట్టుకొనెను. అపాయము తోచినయెడల సేవకుడు ఆ పని మానుకొనవచ్చును గనుక యజమాని బాధ్యుడు కాడని న్యాయస్థానము తీర్పుచెప్పెను. ఆకలిగొన్న పిల్లలుగలవాడు పని మానగలడా? ఈ ఆలోచన మారుటకు చాలకాలము పట్టినది. 1884లో జర్మనీ, 1897లో ఇంగ్లండు, 1923లో మన దేశము చట్టములు చేసినవి. వాటి న్యాయము ఇది: పనివలన లాభము పొందువాడు ఆ పనిలోని అపాయమును కూడ భరించవలెను. తప్పు ఎవరిదని వెదకనక్కరలేదు. పంట ఇంటికి తెచ్చుకొని, ఆ పంటలో పోయిన చేతిని కూలివాని ఇంటికి పంపివేయుట న్యాయము కాదు.

1923 చట్టము స్థానమున సామాజిక భద్రతా కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. ట్రాక్టరుతోను యంత్రశక్తితోను చేయు సేద్యము, గొట్టపుబావి పని దాని పరిధిలోనివి. వైద్యపు ఖర్చు యజమానిదే. నెలకు 10,000 రూపాయలు సంపాదించు 40 ఏండ్లవాడు పనిలో మరణించినయెడల, జీతములో సగమును వయస్సునుబట్టి నిర్ణయించిన 184.17తో హెచ్చింపగా కుటుంబమునకు 9,20,850 రూపాయలు రావలెను. అతని బొటనవ్రేలు మాత్రమే పోయినయెడల 3,31,506 రూపాయలు. రెండేండ్లలోపు అధికారియొద్ద దరఖాస్తు పెట్టుకొనవలెను. హక్కు వదలుకొంటినని వ్రాసియిచ్చిన కాగితము చెల్లదు. త్రాగియుండి గాయపడినవానికి సాధారణముగా హక్కు లేదు. మరణమో, శాశ్వతమైన సంపూర్ణ వికలతయో కలిగినయెడల అదియు అడ్డుకాదు.

“విశ్వాసి క్షమింపవలెను గాని అధికారియొద్దకు పోవచ్చునా?” అని అడుగువారున్నారు. కోపమును విడిచిపెట్టుట మన చేతిలోనున్నది; అది విడిచిపెట్టవలసినదే. కాని పిల్లల అన్నము మనది కాదు. దానిని క్షమించి వదలుటకు మనకు అధికారము లేదు. “ప్రభువే చూచుకొనును” అను మాట బాధపడువాడు పలికినయెడల విశ్వాసము. ఇవ్వవలసినవాడు పలికినయెడల తప్పించుకొనుట.

మన సంఘములలో కూలివారును, పది ఎకరముల రైతులును ఒకే బల్లయొద్ద రొట్టె పుచ్చుకొందురు. ఆ రైతును ధనవంతుడు కాడు. ఒక్క ప్రమాదముతో అతని పొలము పోవచ్చును. అందుచేతనే ముందుగా భీమా చేయించుట జ్ఞానము. ఏటేట కొంచెము చెల్లించినవాడు ఇద్దరి ఇండ్లను కాపాడుకొనును. యజమానులు న్యాయమైనది ఇయ్యవలెనని కొలొస్సయి 4:1లో పౌలు వ్రాసినప్పుడు, వారికిని పరలోకమందు యజమానుడున్నాడని జ్ఞాపకము చేసెను.

కాబట్టి ఈ నెలలో ఒక పని చేయుదము. మనము యజమానులమైతే మన యంత్రముల మూతలను, భీమా కాగితములను చూచుకొందము. పనివారమైతే మన కూలి లెక్కను వ్రాసి దాచుకొందము. చదువు వచ్చినవారము గాయపడిన పొరుగువాని దరఖాస్తు వ్రాసిపెట్టుదము. ఒక అవయవము శ్రమపడునప్పుడు తక్కినవన్నియు దానితోకూడ శ్రమపడునని ఆదివారమున వినుచున్నాము; సోమవారమున అది కనబడవలెను.